యథాస్థితి అంటే ఏ స్థితి?

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో మా ఇంటి కింద రోడ్డు వైపున్న మడిగె మొన్న ఉగాదికి కిరాయికి పోయింది. అంతకుముందు రెండున్నర నెలలు తాళం వేసే ఉంది. ఎందుకుందో చెబితే మడిగెలున్న వాళ్లకూ, వాటిల్లో దుకాణాలు నడిపే వాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

అందులో ఎనిమిదేండ్లు ఒక టిఫిన్ సెంటర్ నడిచింది. నెలకు 14,000 కిరాయి, నా దగ్గర 84,000 అడ్వాన్సు. మనిషి మంచివాడు, ఒక్క నెల కిరాయి ఆపలేదు. ఖాళీ చేస్తానన్నాక లోపలికి పోయి చూద్దును కదా, పొయ్యి వెనక గోడ నూనె పీల్చి నల్లగా మెరుస్తోంది. పెయింటర్ ఒక మూలకు లప్పం పెట్టి చూపించాడు. ఆరీ ఆరకముందే పెచ్చులుగా ఊడొచ్చింది. ‘‘ప్లాస్టర్ చెక్కుడే సార్’’ అన్నాడు. ఎగ్జాస్టు ఫ్యానుకని గోడకు కొట్టిన బొక్క, గ్రైండర్ కింద పగిలిన నాలుగు టైల్సు, జిడ్డు గడ్డకట్టిన మోరీ, రోజూ కడిగిన నీళ్లకు తుప్పు తిన్న షట్టర్ కింది పట్టీ. దూలం కింద పొడుగ్గా ఒక పగులు కూడా కనబడింది. కోపం మీద మొత్తం మడిగెకు రంగులతో సహా 85,000 లెక్క కట్టాను. అడ్వాన్సు పోను అతనే నాకు ఇంకో వెయ్యి బాకీ! ‘‘అడ్వాన్సు ఇస్తేనే తాళంచెవి’’ అని అతను, ‘‘తాళంచెవి ఇచ్చినాకనే మాట’’ అని నేను.

అగ్రిమెంటు తీస్తే అందరి దగ్గరా ఉండే పదకొండు నెలల కాయితమే. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ చేయించాలనుకుని అందరూ పదకొండు దగ్గర ఆగుతారు, మేమూ ఆగాం. రిపేర్ల గురించి అందులో ఉన్నది ఒకే ముక్క: ‘‘ఖాళీ చేయునపుడు యథాస్థితిలో అప్పగించవలెను’’. ఎనిమిదేండ్ల కింద ఆ స్థితి ఎట్లా ఉందో నాకూ గుర్తులేదు, అతనికీ గుర్తులేదు. ఎవరికి లాభమైంది వాళ్లకు గుర్తొచ్చింది.

నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. డ్రైవర్ బండి అప్పజెప్పేటప్పుడు లోపాలన్నీ లాగ్‌షీటులో రాయాలి. రాయని నాడు పొద్దున డిపోలో లొల్లే. బస్సుకు అంత పట్టింపుగా ఉన్నవాణ్ని, సొంత మడిగె చేతికిచ్చేటప్పుడు ఒక్క వాక్యం రాసుకోలేదు.

మా గల్లీలో కోర్టు గుమస్తాగా చేసిన పెద్దాయన ఉన్నాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ తీసి చదివి వినిపించాడు. వేరే ఒప్పందం లేకపోతే కిరాయిదారు తను తీసుకున్న నాటి స్థితిలోనే తిరిగి అప్పజెప్పాలి. కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదలా, మనిషి చేతిలో లేని ఉపద్రవమూ అతని ఖాతా కాదు. ‘‘ఎనిమిదేండ్లకు సున్నం ఎవరింట్లనైనా మాస్తది తమ్మీ. జిడ్డు గోడ అడుగు, రంగులు అడగకు’’ అన్నాడు. అతను పెట్టించుకున్న గ్రానైటు గట్టు మీద నాకు ఆశ ఉండె. మడిగె తన చేతిలో ఉన్నంతసేపు అతను బిగించినవి ఊడదీసుకోవచ్చట, కాకపోతే గోడా నేలా ముందున్నట్టు చేసి పోవాలి. తాళంచెవి ఇచ్చేస్తే ఆ హక్కు పోతుంది. ఆ ముక్క విన్నాక నేను ‘గట్టు’ మాట ఎత్తలేదు.

దూలం పగులు గొడవను తేల్చింది మాత్రం ఒక ఫోటో. దుకాణం తెరిచిన రోజు అతని భార్య ఫోన్లో తీసింది. అరటి పిలకలు, మామిడి తోరణం, పూజ పళ్లెం, వాటి వెనక దూలం కింద అదే పగులు. నేను ఇంకేమీ అనలేకపోయాను.

చివరికి పెద్దమనుషులు కూర్చుని లెక్క తేల్చారు. గోడ ప్లాస్టరుకు 9,000, షట్టర్ పట్టీకి 5,500 (స్ప్రింగు అరిగింది, అది నా ఖాతా), మోరీకి 3,000, టైల్సుకు 3,000, బొక్క మూసినందుకు 1,500. మొత్తం 22,000. మిగిలింది అదే రోజు తిరిగిచ్చాను. ఈ లోపల నాకు పోయిన కిరాయి 35,000. అతనికి కొత్త చోట అడ్వాన్సుకు చేబదులు తేవాల్సి వచ్చింది.

కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో దీనికో పట్టిక ఉంది. కట్టడపు రిపేర్లు, సున్నం, పైపులు మార్చడం, వైరింగు యజమానివి. నల్లాలు, స్విచ్చులు, మోరీ శుభ్రం, కిటికీ అద్దాలు, తాళాలు కిరాయిదారువి. దుకాణాలకు అడ్వాన్సు ఆరు నెలల కిరాయి మించకూడదనీ ఉంది. రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది, సరే. కానీ ఆ పట్టికను అగ్రిమెంటు వెనక జత చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. డాక్యుమెంట్ రైటర్లు తమ అచ్చు నమూనాలో ఆ పేజీ కలిపి, తీసుకున్న నాటి ఫోటోలకూ రెండు సంతకాలకూ జాగా వదిలితే ఎంత పని? ‘యథాస్థితి’ ఒక్కటే టైపు చేసి ఇస్తే చాలదు. నలుగురూ ఆలోచిస్తారని మీ పత్రికకు రాస్తున్నాను.

ఇప్పుడు మడిగెలో సెల్ ఫోన్ల షాపు వచ్చింది. నేను రెండు పేజీల జాబితా రాసి, పద్నాలుగు ఫోటోలు తీసి పెడితే ఆ పిల్లగాడు ముందు నవ్వాడు. తర్వాత జేబులోంచి రూపాయి బిళ్ల తీసి నేలంతా టకటక కొట్టుకుంటూ పోయి, ‘‘ఈ రెండు టైల్స్ డొల్లగున్నయ్ అంకుల్, ఇవి గూడ రాయండి’’ అన్నాడు. నేనూ కొట్టి చూసి, జాబితా కింద రాసి, సంతకం పెట్టాను.

— ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్, హనుమకొండ