బ్రాడ్‌మన్ అంటే 99.94 ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

కుర్రవాడెవరైనా వరసగా రెండు శతకాలు బాదితే చాలు, మన క్రీడా పేజీల్లో ఆస్ట్రేలియా బ్యాటింగ్ దిగ్గజం డాన్ బ్రాడ్‌మన్ ప్రత్యక్షమవుతారు. 52 టెస్టులు, 6,996 పరుగులు, 29 శతకాలు, సగటు 99.94. ఆపైన 1948లో లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆడిన చివరి ఇన్నింగ్స్, ఇంగ్లండ్ బౌలర్ హోలీస్ బంతికి సున్నాకే బౌల్డ్, ఇంకో నాలుగు పరుగులు చేసి ఉంటే సగటు వంద అయ్యేదన్న నిట్టూర్పు. ఇదంతా క్రికెట్ అభిమానులకు కంఠతా వచ్చు. 1971లో ఆయన తీసుకున్న నిర్ణయం గురించి మాత్రం తెలుగులో నేను చదివింది చాలా తక్కువ.

అప్పుడాయన ఆస్ట్రేలియా క్రికెట్ బోర్డు అధ్యక్షుడు. దక్షిణాఫ్రికా జట్టు పర్యటనకు రావలసి ఉంది. తెల్లవారికి తప్ప ఇంకెవరికీ చోటు లేని జట్టు అది. ఆటలో మాత్రం మహా గట్టిది. అంతకు ముందు ఏడాదే ఆస్ట్రేలియాను 4-0తో ఓడించింది. వస్తే మైదానాలు కిటకిటలాడేవి. మొదట్లో బ్రాడ్‌మన్ కూడా పర్యటన జరగాలనే అనుకున్నారు. ఈలోగా ఆ దేశపు రగ్బీ జట్టు వచ్చింది. వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఊరూరా నిరసనలు, మైదానాల చుట్టూ ముళ్లకంచెలు, పోలీసులు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఏకంగా అత్యవసర పరిస్థితి ప్రకటించారు. సెప్టెంబరులో బ్రాడ్‌మన్ బోర్డు క్రికెట్ పర్యటనను రద్దు చేసింది.

శాంతిభద్రతల భయం కూడా ఇందుకు కారణమే, కాదనను. అయినా జట్టు ఎంపికలో జాతి వివక్ష పోయేదాకా వారితో ఆడేది లేదని గట్టిగా నిలబడటం చిన్న విషయం కాదు. బదులుగా పిలిచిన, పలు దేశాల ఆటగాళ్లున్న ప్రపంచ జట్టుకు వెస్టిండీస్ నల్లజాతి దిగ్గజం సోబర్స్ నాయకుడు. మన గవాస్కర్, బేడీ, ఫరూఖ్ ఇంజినీర్ ఆ జట్టులో ఆడారు. మెల్‌బోర్న్‌లో సోబర్స్ 254 పరుగులు చేస్తే బ్రాడ్‌మన్ మనసారా మెచ్చుకున్నారు. ఇక దక్షిణాఫ్రికా మళ్లీ టెస్టు ఆడింది 1992లోనే.

ఏటా లక్షల మంది పిల్లలు బ్యాటు పట్టే మన రాష్ట్రాల్లో ఈ సంగతి తెలియాలి. ఆగస్టు 27న ఆయన జయంతికి వ్యాసం వేస్తే, దయచేసి ఈ రద్దు వెనుక కథను వివరంగా రాయించండి. ఆటగాళ్ల పారితోషికం దగ్గర ఆయన చేయి బిగించారని ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ ఇయాన్ చాపెల్ చేసిన విమర్శనూ వదలకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం