అడుగులకు అరిసెలు ఆలస్యమైన ఇళ్ల కోసం

సంపాదకుల వారికి నమస్కారం.

మన ఇళ్లలో చంటిపిల్ల బోర్లా పడితే బొబ్బట్లు వండుతాం, అడుగులేస్తే అరిసెలు పంచుతాం. ఎప్పుడు పంచాలో ఏ పుస్తకంలోనూ వెతకనక్కర్లేదు, పెద్దవాళ్లకి తెలుసు. నా మనవడికి తొమ్మిదో నెల దాకా బొబ్బట్లు వండలేదు. అరిసెలు వండేసరికి వాడికి మూడేళ్లు దాటాయి. ఆ మధ్యలో మా ఇల్లు పడిన అవస్థ ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో ఇంకెన్ని తెలుగు ఇళ్లు పడుతున్నాయో అన్న బాధతో, పిల్లల ఫిజియోథెరపీ (వ్యాయామంతో చేసే వైద్యం) గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కాశీనగర్ దగ్గర పల్లె. వాడు నెలలు నిండకుండా ఎనిమిదో నెలలో పుట్టాడు. ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి వేసేవాడు. నీళ్లు పోయడానికి నా కాళ్ల మీద బోర్లా పడుకోబెడితే తొడలు విడదీయడమే కష్టంగా ఉండేది. ఎంతమంది పసిపిల్లలకు నీళ్లు పోసిన చేతులో ఇవి, తేడా చేతికి తెలిసింది. నోటితో మాత్రం అనలేదు. "మగపిల్లలకు నడక ఆలస్యం", "వాళ్ల నాన్నకీ ఇలాగే" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. చూపించిన డాక్టరు గారు టానిక్కు రాసి, ఇంకో ఆరు నెలలు చూద్దామన్నారు. పద్నాలుగో నెలలో బరంపురం తీసుకెళ్తే సెరిబ్రల్ పాల్సీ అని తేలింది.

పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో మెదడులో కదలికల్ని నడిపే భాగానికి దెబ్బ తగిలితే ఇది వస్తుంది. నెలలు తక్కువ పిల్లలకు ఎక్కువ. ఆ దెబ్బ పెరగదు. కానీ బిగుసుకున్న కండరాన్ని అలాగే వదిలేస్తే, పిల్లాడు ఎదిగే కొద్దీ అది కురచై మడమని పైకి లాగేస్తుంది. మందులూ ఇంజెక్షన్లూ ఉన్నాయి గానీ, రోజూ ఇంట్లో చేయించే ఫిజియోథెరపీ లేకుండా అవి ఒక్కటీ సరిపోవు. ఆ రోజూ చేయించే మనిషి ఎవరు? తల్లే.

ఒకచోట మా కోడలికి పది నిమిషాలు చూపించి, చేతిలో ఒక కాగితం పెట్టారు. ఒక వైపు ఒడియా, ఇంకో వైపు ఇంగ్లీషు. మా కోడలు టెక్కలి వైపు పిల్ల, తెలుగు తప్ప చదవలేదు. మడమ బొమ్మ పక్కన 30 అని అంకె ఉంది. ముప్పై సార్లు లాగమన్నారు కాబోలు అనుకుని, రోజూ పొద్దున్నా సాయంత్రం గబగబా ముప్పై సార్లు లాగింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చేవాడు, కాలు ఇంకా బిగుసుకుపోయేది. అసలు అక్కడ రాసింది, మోకాలు చాచి పెట్టి, పాదాన్ని మెల్లగా పైకి వంచి, 30 లెక్కపెట్టే దాకా అలా పట్టుకోమని. ఇలాంటి కండరాన్ని విసురుగా లాగితే అది ఎదురు తిరుగుతుంది, నెమ్మదిగా పట్టుకుంటేనే వదులవుతుంది. ఆ ఒక్క మాట అర్థం కాక రెండు నెలలు వ్యాయామమే మానేసింది నా కోడలు. ఆ తల్లిది తప్పని నేను అనను. తన చేత్తో కన్నబిడ్డని ఏడిపిస్తున్నానని ఆ పిల్ల రాత్రిళ్లు కూర్చుని ఏడ్చింది.

తర్వాత ఇంకో ఫిజియోథెరపిస్టు దొరికారు. ఒడియా అమ్మాయే, తెలుగు వచ్చు. నేల మీద మాతో పాటు కూర్చుని, నా కోడలి చేతి మీద తన చెయ్యి వేసి ఎంత బలం పెట్టాలో చూపించింది. మా ఇంట్లో ఉన్న వస్తువులతోనే అన్నీ చెప్పింది. చుట్టిన బొంతకి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోబెట్టమంది. వంటింటి పీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా కొంచెం ఎత్తులో స్టీలు గ్లాసు పెట్టి, లేచి అందుకోమనాలంది. మోకాళ్లు ముందుకి పెట్టి మడమలు వెనక్కి విరిచి కూర్చుంటే ఊరుకోవద్దంది. పసిపిల్లల వాకర్ కొనబోతే ఆపింది. చక్రాల బండిలో పిల్లలు వేళ్ల మీదే తోసుకుంటూ పోతారు, నడక రాదు సరికదా పడిపోయే ప్రమాదం కూడా. కెనడా దేశంలో 2004 లోనే వాటి అమ్మకం నిషేధించారట. మా ఊళ్లో మాత్రం ఇప్పటికీ బారసాలకి కానుకగా ఇస్తున్నారు.

ఒకనాడు ఆ గ్లాసు కోసం లేచినప్పుడు వాడి కుడి మడమ నేలకి ఆనింది. ఒక్క క్షణమే. కోడలు నన్ను పెరట్లోంచి కేకేసి పిలిచింది.

ఇది మా ఒక్కళ్ల గోడు కాదు. మా వీధిలోనే ఒక బిడ్డ పాదాలు లోపలికి తిరిగి పుట్టాడు. క్లబ్‌ఫుట్ అంటారు. వారం వారం కట్టు మార్చుతూ పాదాన్ని కొంచెం కొంచెంగా తిప్పారు, చక్కగా వచ్చేసింది. ఆ తర్వాత కడ్డీతో కలిపిన బూట్లు మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు, ఆపైన నాలుగేళ్ల దాకా రాత్రిపూట వేయాలి. పాదం బాగుపడింది కదా, బిడ్డని ఎందుకు కట్టిపడేయడం అని వాళ్లు ఆరు నెలలకే తీసేశారు. పాదం మళ్లీ తిరిగింది. ఆ బూట్లు ఎందుకో వాళ్ల భాషలో కూర్చోబెట్టి చెప్పిన మనిషి లేరు, అంతే. మెడ ఒక పక్కకే వాల్చే పసిపిల్లలూ అంతే, మొదటి నెలల్లో మొదలుపెడితే చాలామందికి వ్యాయామంతోనే సరిపోతుంది.

అనవసరంగా భయపడే వాళ్లకీ అలా కూర్చోబెట్టి చెప్పే మనిషి కావాలి. రెండేళ్ల లోపు కాళ్లు విల్లులా ఉండడం, మూడు నాలుగేళ్లకి మోకాళ్లు రాసుకోవడం, పసితనంలో పాదం చదునుగా ఉండడం చాలామందిలో మామూలే, ఎదుగుతుంటే సర్దుకుంటాయి. ఆ మాట చెప్పేవాళ్లు లేక నాటువైద్యుల దగ్గర కాళ్లు లాగించి బద్దలు కట్టిస్తున్నారు. సహాయం లేకుండా 9 నెలలకి కూర్చోకపోయినా, 18 నెలలకి నడవకపోయినా మాత్రం ఆగకుండా చూపించాలి. నెలలు తక్కువ పుట్టిన బిడ్డకైతే ఆ తగ్గిన నెలలు తీసేసి లెక్కపెట్టాలి.

చట్టంలో, పథకాల్లో కొదవ లేదు. 2013 లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే జిల్లాలోని చికిత్సా కేంద్రానికి పంపాలి, అక్కడ ఫిజియోథెరపిస్టు ఉండాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకి కేంద్ర ప్రభుత్వపు నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, అందులో థెరపీ ఖర్చూ ఉంది. ఈ సంగతి మాకు మూడేళ్ల దాకా ఎవరూ చెప్పలేదు. ఆంధ్రా మాకు కూతవేటు దూరం, కానీ అక్కడి ప్రభుత్వ ఉచిత వైద్య పథకం (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) అక్కడి వాళ్లకే. ఇటు బరంపురం వెళ్తే తెల్లారి బయల్దేరి రాత్రికి ఇల్లు చేరడం, ఇద్దరి కూలి పోవడం. ఫిజియోథెరపీ అంటే వారం వారం వెళ్లాల్సిన పని, ఏడాదికోసారి కాదు.

అందుకని ఒడిశా ప్రభుత్వాన్ని నేను కోరేది రెండే. ప్రతి బ్లాకు ఆసుపత్రికి వారంలో ఒక రోజు, సంత రోజయితే మరీ మంచిది, పిల్లల ఫిజియోథెరపిస్టు వచ్చి కూర్చోవాలి. ఆ రోజు ఏదో ఆశా కార్యకర్తలందరికీ తెలియాలి. ఇంటికిచ్చే కాగితం బొమ్మలతో ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. కొండల మీది సవర గిరిజన తల్లులకి కాగితం చదివి వినిపించడం కాక, వాళ్ల మాటలో చేసి చూపించే వాళ్లుండాలి. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించింది మా పర్లాకిమిడిలోనే. అప్పుడు ఒక్క మనిషి చేయగలిగింది ఇప్పుడు ఇంత పెద్ద ప్రభుత్వం చేయలేదా?

మా వాడికిప్పుడు అయిదేళ్లు. కాళ్లకి పాదాన్ని సరిగా నిలిపే ప్లాస్టిక్ స్ప్లింట్లు వేసుకుని అంగన్‌వాడీకి నడిచే వెళ్తాడు, గుమ్మం దగ్గర మాత్రం చెయ్యి అందించాలి. వాడి వ్యాయామాలు నేను పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకి అంటించాను. చుట్టుపక్కల తల్లులు వచ్చి ఆ కాగితం ఇవ్వమని అడుగుతున్నారు. ఇవ్వడం లేదు. అవి వాడి కాళ్లు చూసి వాడికోసం చెప్పినవి, ఇంకో బిడ్డకి అవే చేయిస్తే చెడుపు కావచ్చు. బిడ్డని తీసుకుని ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో మాత్రం చెప్పి పంపుతున్నాను.

ఇట్లు,
ఒక నాన్నమ్మ,
కాశీనగర్ ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా