ఫెంటానిల్ తాళంచెవి ఎవరి దగ్గర?

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ‘ఐసీయూలో డ్రగ్స్’ అంటూ ఫెంటానిల్ అనే గట్టి నొప్పిమందు (మత్తుమందుల జాతిదే) మీద వచ్చిన వార్త చదివి, వెంటిలేటర్ మీదున్నవాళ్ల బంధువులు ‘మా మనిషికి ఆ మందు వద్దు’ అని డాక్టర్లతో పేచీకి దిగుతున్నారు. ఎందుకిస్తారో రెండు ముక్కలు రాస్తే మీ సొమ్మేం పోయేది?

గొంతులో గొట్టం, విరిగిన పక్కటెముకలు, మాటిమాటికీ కఫం లాగడం. అంతా నొప్పే. ముందు దాన్ని తగ్గించాలి, చాలకపోతేనే నిద్రమందు. అమెరికా క్రిటికల్ కేర్ సొసైటీ 2018 మార్గదర్శకాలూ అదే చెప్పాయి. ఫెంటానిల్ ఒకటి రెండు నిమిషాల్లో పట్టుకుంటుంది, ఒక్క డోసైతే గంటలోపే దిగిపోతుంది. 2 మి.లీ. ఆంప్యూల్‌లో (చిన్న గాజు సీసాలో) 100 మైక్రోగ్రాములు ఉంటాయి. ఐదింటిని 40 మి.లీ. సెలైన్‌లో కలిపితే మి.లీ.కి 10 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకు సిరంజి పంపులో గంటకు 2.5 నుంచి 5 మి.లీ.తో మొదలుపెట్టి, పిలిస్తే కళ్లు తెరిచే స్థాయిలో ఉంచాలి.

ప్రమాదం లేదనను. పెద్ద డోసు ఒక్కసారిగా తోస్తే ఛాతీ కండరాలు బిగుసుకుని వెంటిలేటర్ గాలి కూడా లోపలికి పోదు. రోజుల తరబడి నడిపితే కొవ్వులో పేరుకుని, ఆపినా తొందరగా వదలదు. అందుకే వీలైనంత వరకు రోజూ పొద్దున పంపు ఆపి చూడాలి. ఎక్కువ రోజులు వాడితే మెల్లగా తగ్గించాలి, లేకుంటే చెమటలు, వణుకు, విరేచనాలు. వాడుతున్నన్నాళ్లూ మలబద్ధకం, దానికి మందు మొదటి రోజే రాయాలి. రాసేవాళ్లేరీ?

అసలు జబ్బు వేరే ఉంది. కొన్ని పెద్దాసుపత్రుల్లో ఈ మందు అల్మారా తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది, ఆయన సాయంత్రం కాగానే ఇంటికి పోతారు. రాత్రి 65వ నంబరు హైవే మీద దెబ్బలు తగిలి వచ్చినవాళ్లకు ఇక మిడజోలం అనే నిద్రమందే దిక్కు. అది నొప్పి తగ్గించదు. కిడ్నీలు పాడైతే రోజులైనా వదలదు, లేచాక మనిషి మతి తప్పినట్టు మాట్లాడతాడు. చివరికి చేతులు మంచానికి కట్టేస్తారు.

2014లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు వైద్యానికి అవసరమైన కొన్ని మత్తుమందుల అనుమతులు సులువు చేశారు. ఆ మందుల జాబితాలో ఫెంటానిలూ ఉంది. అయినా మన ఆఫీసుల్లో ఫైలు కదలదు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లకు మెడికల్ కాలేజీలొచ్చాయి, ఫొటోలు దిగారు, సంతోషం. ఖాళీ ఆంప్యూల్ ఒకటి తగ్గితే మెమో ఇస్తారు గానీ, రాత్రంతా నొప్పితో గింజుకున్న రోగి లెక్క ఏ అధికారీ అడగడు.

రాత్రి డ్యూటీ డాక్టరుకు, ఇన్‌చార్జి నర్సుకు కలిపి రెండు సంతకాలతో పది ఆంప్యూళ్లు అప్పగించి, పొద్దున ఖాళీవి, మిగిలినవి రిజిస్టర్‌లో సరిచూసుకుంటే సరిపోతుంది. సూపరింటెండెంట్లు ఈ నెలలోనే ఆ పద్ధతి పెట్టాలి.

– ఒక పాఠకుడు, నల్లగొండ