‘రన్’ అంటే పరుగొక్కటేనా?

సంపాదకులకు,

ఆమదాలవలసలో పదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ చెబుతుంటాను. వాళ్ల గైడులో ‘రన్’ పక్కన ‘పరుగెత్తు’ అని ఒక్కటే ఉంది. దాంతో ‘మై ఫాదర్ రన్స్ ఎ హోటల్’ అన్న వాక్యానికి ఒకమ్మాయి ‘మా నాన్న హోటలుకి పరుగెత్తును’ అని రాసింది. స్టేషన్ దగ్గర టిఫిన్ హోటల్ నడిపేవాళ్ల పిల్ల, పాపం!

ముక్కు కారినా, కుళాయి పారుతున్నా, బస్సు తిరుగుతున్నా, అమెరికాలో ఎన్నికల్లో పోటీచేసినా ‘రన్’ అనే అంటారు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ఈ క్రియకు 645 అర్థాలు చూపింది. మన ‘నడవడం’ మాత్రం? బండి నడుస్తుంది, కొట్టు నడుస్తుంది, కోర్టులో కేసూ నడుస్తుంది. ఇలా చెబితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది మన శ్రీకాకుళం దగ్గరే. ఇంగ్లిషునైనా వాడుకలోంచే నేర్పాలి. పరీక్షల్లో విడి మాటకు అర్థం అడగొద్దు, వాక్యమిచ్చి అడగండని ప్రశ్నపత్రాలు తయారుచేసేవారిని వేడుకుంటున్నాను.

– ఒక ట్యూషన్ టీచర్, ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా