గ్రౌండ్‌లో హెలికాప్టర్, ఆ మధ్యాహ్నం జరగని లెక్కల పీరియడ్లు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన గురువారం మన గ్రౌండ్‌లో హెలికాప్టర్ దిగిన దగ్గర్నుంచి క్లాసుల వాట్సాప్ గ్రూపులు మోగుతూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే తీరిక లేదు కాబట్టి ఈ నెల వార్తాలేఖలోనే అన్నీ రాసేస్తున్నాను. గ్రౌండ్ ఎందుకిచ్చారని అడిగినవాళ్ళకు: ఊళ్ళో సభకు వచ్చే పెద్దమనిషి కోసం తాత్కాలిక హెలిప్యాడ్ కావాలని అధికారులు అడిగారు, చుట్టూ కరెంటు తీగలు లేని ఖాళీ స్థలం ఊరికి దగ్గర్లో మనదొక్కటే, ఇచ్చాం. పిల్లలెవరినీ సభకు పంపలేదు, ఎప్పుడూ పంపం కూడా. దిగేటప్పుడూ లేచేటప్పుడూ అందరూ మొదటి అంతస్తు వరండాలో గ్రిల్స్ వెనకే ఉన్నారు. ఫైరింజను వాళ్ళు ముందే నీళ్ళు కొట్టినా దుమ్ము లేచిన మాట నిజం, కొందరు పిల్లల కళ్ళలో పడింది, ఆయమ్మ వెంటనే కడిగింది, అంతే. గోడెక్కి వీడియోలు తీసింది మాత్రం మన పిల్లలు కాదు, వాళ్ళను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దవాళ్ళు. ఆ గోడ మీద గాజు పెంకులున్నాయి. దయచేసి ఇంకోసారి ఎక్కకండి.

అయినా చాలామంది బాధ హెలికాప్టర్ గురించి కాదని నాకు తెలుసు. తొమ్మిదో తరగతికి రెండు లెక్కల పీరియడ్లు మాన్పించి చెట్టు కింద బొమ్మలు వేయించామని. "వచ్చే ఏడాది టెన్త్, ఇప్పుడీ డ్రాయింగులేంటి మేడం" అని వాయిస్ మెసేజ్‌లు. ఆ నిర్ణయం నాది, లెక్కల సారుది కాదు. రాత్రి పదింటికి ఆయనకు ఫోన్లు చేయడం ఆపండి, ఆయనకూ ఇల్లూ పిల్లలూ ఉన్నారు.

సభ అయ్యేదాకా ఆ హెలికాప్టర్ మన గ్రౌండ్‌లోనే ఉంది. పోలీసులు తాడు కట్టిన చోటిదాకా పిల్లల్ని రానిచ్చారు, పైలట్ గారు కూడా మంచిమనిషి, బెల్ 407 అని చెప్పి పిల్లలు అడిగినవాటికి ఓపిగ్గా జవాబులిచ్చారు. నేను పిల్లలకు పెట్టిన షరతు ఒక్కటే: చూసి గీయండి, గీసిన ప్రతి భాగం పక్కన అది అక్కడ ఎందుకుందో రాయండి, తెలియకపోతే ప్రశ్న గుర్తు పెట్టండి. నా టేబుల్ మీదకు వచ్చిన కాగితాల్లో ఆ ప్రశ్న గుర్తులు చూస్తే ఫిజికల్ సైన్స్ టీచర్‌గా నాకు కడుపు నిండిపోయింది. చక్రాల బదులు కింద రెండు గొట్టాలే ఎందుకు? తోక చివర చిన్న పంకా నిలువుగా ఎందుకు, పక్కకు గాలి కొట్టి ఏం లాభం? తలుపులు అంత పల్చగా ఉన్నాయేం? ఇవన్నీ పిల్లలు తమంతట తాము అడిగినవి, గైడులో దొరికేవి కావు.

ఏడో తరగతి అబ్బాయి ఒకడున్నాడు, పేరు రాయను, వాళ్ళ అమ్మానాన్నలకు తెలుస్తుంది. క్లాసులో నోరు విప్పడు, మార్కులు అంతంతమాత్రం. వాడు రెండు బొమ్మలు పక్కపక్కనే గీశాడు: హెలికాప్టర్ ఆగి ఉన్నప్పుడు పైన నాలుగు రెక్కల చివర్లూ కిందికి వాలి ఉన్నాయి, తిరిగేటప్పుడు అవే తిన్నగా సాగి, చివర్లు కాస్త పైకి లేచాయి. ఆ తేడాను మేం టీచర్లం కూడా గమనించలేదు. ఎందుకు మేడం అని అడిగాడు. ఆగి ఉన్నప్పుడు రెక్క తన బరువుకే వంగుతుంది, గట్టిగా తిరిగేటప్పుడు ఆ తిరిగే వేగమే దాన్ని బయటికి లాగి తిన్నగా చేస్తుంది, గాలి పైకెత్తుతుంది. రెక్కను అసలు వంగనంత మందంగా చేయొచ్చు, కానీ మోయలేనంత బరువవుతుంది. వంగే రెక్కే తేలిక, వంగే రెక్కే అందం. ఇంతా చెప్పాక వాడు మొహం వెలిగించుకుని "అయితే అది వంగడం తప్పు కాదన్నమాట" అన్నాడు. ఈ పిల్లాడిని "బొమ్మలేసుకుంటూ కూర్చున్నావా" అని ఇంట్లో తిట్టారట. అమ్మా, నాన్నగారూ, ఏమీ అనుకోకండి, ఆ కాగితం చింపకుండా దాచిపెట్టండి.

మర్నాడు తొమ్మిదో తరగతికి ఇంకో హెలికాప్టర్ ఫొటో చూపించాను. బెల్ 47. మన గ్రౌండ్‌లో దిగినదాన్ని తయారుచేసిన అమెరికా కంపెనీదే, 1946లో ప్రపంచంలోనే మొదటిసారి మామూలు పౌరుల వాడకానికి అనుమతి పొందిన హెలికాప్టర్. దాని వెనకున్న మనిషి ఆర్థర్ యంగ్. చదివింది లెక్కలు, ఏ కంపెనీలోనూ ఉద్యోగం చేయకుండా సొంతంగా, దాదాపు పన్నెండేళ్ళపాటు చేత్తో పట్టుకునేంత చిన్న నమూనాలు చేసుకుంటూ, పడగొట్టుకుంటూ, మళ్ళీ చేసుకుంటూ కూర్చున్నాడు. రెక్కల కింద అడ్డంగా ఒక కడ్డీ పెట్టి దాని చివర్లకు బరువులు తగిలిస్తే హెలికాప్టర్ ఊగిపోకుండా నిలబడుతుందని ఆ బొమ్మలతోనే కనిపెట్టాడు. 1941లో ఆ ఎగిరే బొమ్మను పట్టుకెళ్ళి బెల్ కంపెనీ వాళ్ళకు చూపించాడు, వాళ్ళు పనిలో పెట్టుకున్నారు. ఆ తర్వాత వచ్చిన బెల్ 47 రకాలు 5,000కు పైగా తయారయ్యాయి. కొరియా యుద్ధంలో గాయపడ్డవాళ్ళను రెండు పక్కలా స్ట్రెచర్ల మీద పడుకోబెట్టి ఆసుపత్రులకు చేర్చింది ఇదే.

నేను పిల్లలకు చూపించాలనుకున్నది దాని ఒళ్ళు. ముందుభాగం మొత్తం ఒకే ముక్కగా చేసిన పారదర్శకమైన ప్లాస్టిక్ గోళం, మధ్యలో ఒక్క లోహపు పట్టీ కూడా అడ్డం రాదు, ఎందుకంటే దిగేటప్పుడు పైలట్‌కు కాళ్ళ కింద నేల కూడా కనపడాలి. వెనక తోకకు పైన రేకు లేదు, వెల్డింగ్ చేసిన సన్నని గొట్టాలు తప్ప ఏమీ లేవు, బరువు తగ్గుతుంది, ఎక్కడైనా పగులొస్తే కంటికి కనిపిస్తుంది, మెకానిక్ చేయి లోపలికి పోతుంది. అందం కోసమని దానికి తగిలించింది దాదాపు ఏమీ లేదు. అయినా న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియం వాళ్ళు 1984లో దాన్ని సేకరించి, చిత్రాలూ శిల్పాలూ ఉన్న చోటే పైకప్పు నుంచి వేలాడదీశారు. నాకు ఎప్పుడు ఆ ఫొటో చూసినా ఒళ్ళు పులకరిస్తుంది. అవసరం లేనిదంతా తీసేయడానికి ఎంత ఆలోచన కావాలో మన పిల్లలకు ఎవరు చెబుతారు, పుస్తకంలో ప్రశ్నా జవాబూ రెండూ అచ్చయి ఉన్నప్పుడు? సైన్సు వేరు, లెక్కలు వేరు, డ్రాయింగు టైంపాసు అని మనం ఎల్‌కేజీ నుంచే వేరు చేసి పెట్టాం. హెలికాప్టర్ గీసేవాళ్ళకు ఆ మూడూ ఒకే పని. ఒక వస్తువును పది నిమిషాలు కదలకుండా చూసి, అది అలాగే ఎందుకుందని అడగడం వస్తే ఆ పిల్లకు నేను ఇంకేమీ నేర్పకపోయినా దిగులుండదు. దీనికోసం రెండు పీరియడ్లు కాదు, అవసరమైతే రెండు రోజులు తీసుకుంటాను.

ఆ ఫొటో చూడగానే బీ సెక్షన్ అమ్మాయి ఒకతె, వాళ్ళ నాన్నగారిది వెల్డింగ్ షాపు, లేచి "ఇది మా నాన్న షెడ్డుకు వేసే ట్రస్సే మేడం, అన్నీ త్రిభుజాలే" అంది. ట్రస్సంటే కప్పును మోసే ఇనుప చట్రం, సరిగ్గా ఆ గొట్టాల సంగతే అది. నాలుగు పుల్లలకు గుండుసూదులు గుచ్చి చతురస్రం చేస్తే వేలితో నొక్కగానే పక్కకు ఒరిగిపోతుంది, మూడు పుల్లల త్రిభుజం ఒరగదు. మూడు భుజాల పొడవులూ నిర్ణయమైపోతే ఆకారం మారడానికి వీల్లేదు, అదే భు.భు.భు. నియమం, తొమ్మిదో తరగతి త్రిభుజాల పాఠం. పోయిందని మీరు బాధపడుతున్న పీరియడ్లలో సారు చెప్పాల్సింది ఆ పాఠమే. ఆ అమ్మాయి ఐస్‌క్రీం పుల్లలతో క్లాసు మొత్తానికీ చేసి చూపించింది, ఇప్పుడు ఆ నియమం ఏ పిల్లను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. వాళ్ళ నాన్నగారిని ఒకరోజు స్కూలుకు పిలుస్తున్నాం, ట్రస్సు ఎలా లెక్క కడతారో ఆయనే చెబుతారు.

తోక పంకా ప్రశ్నకు జవాబు కూడా రాసేస్తాను, ఇంట్లో పిల్లలు అడిగితే మీకు పనికొస్తుంది. పైన పెద్ద రెక్కలు ఒకవైపు తిరిగితే కింద బాడీ రెండోవైపు గిర్రున తిరగబోతుంది, తోక పంకా పక్కకు తోసి దాన్ని ఆపుతుంది. మన నేవీ దగ్గరున్న కమోవ్ హెలికాప్టర్లకు ఆ పంకా ఉండదు, పైన రెండు రోటర్లు, అంటే తిరిగే రెక్కల గుత్తులు, ఒకదానిమీద ఒకటి ఎదురెదురు దిశల్లో తిరిగి లెక్క సరిపోతుంది, తోక పొట్టిగా ఉంటుంది కాబట్టి ఓడ మీద ఇరుకు చోట్లో ఇముడుతుంది.

ఇప్పుడు ఒక మాట, మనసులో పెట్టుకోకుండా వినండి. సోమవారం "ఇంటి దగ్గర మీకు తోచిన సామానుతో రోటర్ చేసుకురండి" అన్నాం. మంగళవారం ఉదయం వచ్చినవాటిలో సగం స్టేషనరీ షాపులో కొన్న థర్మోకోల్ హెలికాప్టర్లు, ఒకే రంగు, ఒకే సైజు. ఇంకొన్ని ఎంత నున్నగా ఉన్నాయంటే, చేసింది పెద్దవాళ్ళని తెలిసిపోతోంది. మీ ప్రేమ అర్థమైంది, మీ అబ్బాయి చేతులు ఖాళీగా మిగిలాయి. కాగితం ముక్క కత్తిరించి, కింద జెమ్ క్లిప్పు గుచ్చి, మొదటి అంతస్తు నుంచి వదిలిన ఆరో తరగతి పిల్లల రోటర్లు వంకరగా ఉన్నా తిరిగాయి. వాళ్ళు రెండో క్లిప్పు గుచ్చి చూశారు, వేగంగా పడింది, రెక్క పొడవు పెంచి మళ్ళీ వదిలారు. కొన్న బొమ్మ తిరగదు. ఇకపై కొనుక్కొచ్చిన ప్రాజెక్టు వేటికీ మార్కులుండవు, టీచర్లకు చెప్పేశాను.

అలాగే, రాత్రి పదకొండు దాకా మీ ఫోను వాళ్ళ చేతిలో ఉంటే ఉదయం మొదటి పీరియడ్‌లో వాళ్ళకు ఏ టీచరు మాటా తలకెక్కదు. పిల్ల ఏదైనా అడిగితే "ముందు చదువుకో" అనకండి. అడగడం కూడా చదువే. మీకు తెలియకపోతే రేపు మేడంని అడుగు అనండి, నేనున్నాను.

మిగతావి క్లుప్తంగా: మూడో టర్మ్ ఫీజుకు గడువు ఈ నెలాఖరు, నాలుగో రూటు బస్సు ఇక పది నిమిషాలు ముందు వస్తుంది, బాక్సుల్లో చిప్స్ ప్యాకెట్లు పెట్టకండి, శనివారం పేరెంట్స్ మీటింగ్ పదింటికి, పిల్లల బొమ్మలు హాల్లో గోడలకు అంటిస్తున్నాం, చూడకుండా మార్కుల కాగితాలు మాత్రం తీసుకుని వెళ్ళిపోకండి.

చివరగా విశాఖ ట్రిప్పు. ఏడు నుంచి తొమ్మిది తరగతుల వాళ్ళను ఆర్కే బీచ్‌లోని టీయూ-142 విమానం చూపించడానికి తీసుకెళ్తున్నాం. 1988 నుంచి 2017 దాకా నేవీలో సముద్రాల మీద కాపలా కాసిన విమానమది, పొడవు 50 మీటర్లు దాటుతుంది, నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు రెండేసి ప్రొపెల్లర్లు ఎదురెదురుగా తిరుగుతాయి, కమోవ్ పాఠం పిల్లలకు అక్కడ మళ్ళీ కనిపిస్తుంది. 2024 జూన్‌లో నేవీ నుంచి రిటైరైన సీ కింగ్ రకం హెలికాప్టర్‌ను కూడా బీచ్ రోడ్డులోనే పెట్టారు. నీళ్ళ మీద దిగాల్సి వస్తే తేలడానికి దాని అడుగుభాగం పడవ ఆకారంలో ఉంటుంది, కిందికి వంగి చూడమని పిల్లలకు చెప్పాను. అంగీకార పత్రం శుక్రవారంలోపు సంతకం చేసి పంపండి. పెన్సిలు, రబ్బరు, గీతల్లేని పుస్తకం తప్పనిసరి. ఫోన్లు వద్దు. మేమూ వెంట వస్తామని అడగకండి, బస్సులో సీట్లు పిల్లలకే చాలడం లేదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు