హెడ్ మిస్ట్రెస్ లేఖ: ఎర్ర అట్టల సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

పిల్లలచేత “దేశాలే వద్దు” అని తీర్మానం చేయించామన్న మాట వారం రోజులుగా మన గేటు దగ్గర నడుస్తోంది. గ్రూపులో రాత్రి పదకొండున్నరకు ఎవరో పెట్టిన మెసేజ్ తెల్లారేసరికి “జనగణమన కూడా మానేశారట” దాకా పెరిగింది. మానలేదండీ. రోజూ పాడుతున్నాం. బెల్లు కొట్టిన పావుగంటకు పిల్లల్ని దింపి వెళ్లేవారికి వినబడదు, అంతే.

జరిగింది చెబుతాను. అక్టోబర్ 24 ఐక్యరాజ్యసమితి దినం. 1945లో ఆ రోజే దాని చార్టర్ అమల్లోకి వచ్చింది. తొమ్మిది, పది తరగతులకు చర్చ పెట్టాం: ప్రపంచానికంతా ఒకే ప్రభుత్వం ఉండాలా?

ముందు సమితి భద్రతామండలిలా 15 మందిని కూర్చోబెట్టి, అయిదుగురికి బిస్కెట్ డబ్బా అట్టకు ఎర్ర రంగు పూసి ముక్కలిచ్చాం. అవే వీటో: అయిదు శాశ్వత సభ్యదేశాల్లో ఏ ఒక్కటి అట్ట ఎత్తినా తీర్మానం ఆగిపోతుంది. తొలి తీర్మానం: శనివారం భోజనాల బెల్లు అరగంట ముందు కొట్టాలి. పద్నాలుగు చేతులు లేచాయి. రష్యాగా కూర్చున్న పిల్ల అట్ట ఎత్తింది. తీర్మానం పోయింది. “ఒక్కదానివి ఎలా ఆపేస్తావే?” అని గోల. తరవాత ఒకడు నెమ్మదిగా అడిగాడు, “నిజంగా ఇలాగే ఉంటుందా టీచర్?” ఉంటుంది నాన్నా, మొదటినుంచీ.

చర్చలో “ఉండాలి” అన్న పదో తరగతి అబ్బాయి ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని కొటియా గ్రామాల సంగతి ఎత్తుకున్నాడు. ఆ 21 గ్రామాల కోసం ఒడిశా, ఆంధ్ర ఇన్నేళ్లుగా తగువులాడుతున్నా, పైన ఒకే దేశం ఉంది కాబట్టి ఎవరూ సైన్యాన్ని దింపలేదు, 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకే వెళ్లింది అన్నాడు. ఆ రెండు రాష్ట్రాల మధ్యే వంశధార నది నీళ్లకు 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది. దేశాల తగువుకు హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్నా, రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే అది కేసు వింటుంది. మరి ఒప్పుకోనివాడిని బోనెక్కించేదెవరు అని అడిగాడు. ఇరవై రెండేళ్లుగా సోషల్ చెబుతున్నాను, వంశధారనూ హేగ్‌నూ ఒక్క పాఠంలో కలపాలని నాకు తట్టలేదు.

ఎదురు నిలబడ్డ తొమ్మిదో తరగతి అమ్మాయి మేనత్తది కొటియా దగ్గరి పొట్టంగి వైపు. వరండా గోడ మీది మ్యాపు దగ్గరికి నడిచి కొటియా ఉండే చోట వేలు పెట్టింది. “పైన ఢిల్లీ ఉంది కదా, మరి ఇక్కడివాళ్లకి రెండేసి ఓటరు కార్డులు ఎందుకు? పైన ఒకరుంటే చాలదు. మా నాన్న అర్జీ పెట్టాలంటేనే ఒడియా రాసేవాళ్లని వెతుక్కుంటాడు. ఢిల్లీకి పైన ఇంకొకరుంటే ఏ భాషలో పెట్టుకోవాలి?” అక్కడితో ఆగలేదు. దేశానికో ఓటంటే 140 కోట్ల మనమూ, పది వేల పైచిలుకు జనమున్న తువాలు అనే చిన్న దీవుల దేశమూ సమానం. మనిషికో ఓటంటే మనమూ చైనా కలిసి మూడో వంతు ఓట్లు పట్టుకుపోతాం, మిగతావాళ్లు ఊరుకుంటారా అంది. నా మనసు ఆ అమ్మాయి వైపే. ఇక్కడ ఒడిశాలో పాలన బాగాలేకపోతే సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం పోవచ్చు, లోకమంతా ఒకే దొర అయితే ఎక్కడికి పోతాం? అయినా నాలుగు ఓట్ల తేడాతో అబ్బాయి పక్షమే నెగ్గింది.

దేశభక్తి గురించి బెంగపడినవారికి ఒక్క మాట. 1942 ఆగస్టు 8న బొంబాయిలో చేసిన క్విట్ ఇండియా తీర్మానంలోనే స్వతంత్ర దేశాల ప్రపంచ సమాఖ్య కావాలని ఉంది. ఆ తీర్మానం చేసి జైలుకెళ్లినవాళ్లకు దేశం మీద ప్రేమ లేదంటారా?

అసలు ఇది ఏ ఊరండీ? గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి. పండితులెందరో గ్రాంథికమే భాష అంటుంటే వాడుక భాష కోసం ఎదురు నిలిచి వాదించిన మనిషి. సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు చేతి డబ్బుతో బళ్లు పెట్టిన మనిషి. ఆయన నడిచిన వీధుల్లో పుట్టి మన పిల్లలు నోరు మూసుకుని జవాబులు బట్టీ పట్టాలా? నేనున్నంతకాలం ఈ బడిలో చర్చలు జరుగుతాయి. తెలుగులో, ఒడియాలో, ఎవరికి ఏది వస్తే అందులో. ఈసారి తాము ఒప్పుకోని పక్షాన నిలబడి మాట్లాడమని కూడా అడుగుతాను.

ఆ అమ్మాయి నెల రోజులు తాతగారి పేపరు కత్తిరించి నోట్సు రాసుకుంది. మరో పదకొండు మంది నెట్ సెంటర్లో తీయించిన ఒకే ప్రింటవుట్ తెచ్చారు, అక్షరం తేడా లేదు. మీ సహాయానికి కృతజ్ఞతలు. చార్టుల మీద నాన్నగార్ల చేతిరాత కూడా మాకు బాగా గుర్తే. రాత్రి పదకొండున్నరకు గ్రూపులో ఉన్న ఫోన్లలో కొన్ని పిల్లల చేతుల్లో ఉన్నవేనని వాళ్లే చెప్పారు.

ఫీజు 15లోగా కట్టండి, చలి మొదలైంది స్వెటర్లు వేయండి, పెళ్లి భోజనాలకు యూనిట్ టెస్టు మానిపించకండి.

రెండో చర్చ నవంబర్ 14న, మధ్యాహ్నం మూడింటికి. సందేహాలున్నవారు వచ్చి వెనక బెంచీల్లో కూర్చోండి, ఫోన్లు ఆపి. ఎర్ర అట్టలు నా బీరువాలో ఉన్నాయి. ఈసారి అవి ఎవరికివ్వాలన్నది చీటీలేసి తేల్చుకుంటామని పిల్లలు అంటున్నారు. అసలు అట్టలే వద్దని ఆరో తరగతివాళ్లు అర్జీ పెట్టారు, తెలుగులోనే.

మీ
ప్రధానోపాధ్యాయురాలు