మొగల్రాజపురం మలుపులో నన్ను లేపినవాళ్లకి

నిన్న పొద్దున అయిదున్నరకి బండి తీశాను. మా విజయవాడలోనే కృష్ణలంకలో రెండు ఇళ్లు, పటమటలో మూడు, చివరగా మొగల్రాజపురంలో ఒకటి. ఆరిళ్లలో రక్తం తీసుకుని, బాక్సు ల్యాబ్‌లో అప్పజెప్పి బయటికొచ్చి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఏడేళ్లుగా రోజూ చేస్తున్న పనే. కానీ సంక్రాంతి వెళ్లిన వారంలో బండి మీంచి పడ్డాక, మొత్తం రూటు నేనొక్కడినే తిరగడం నిన్నే మొదలు. మధ్యలో తొమ్మిది వారాలు గడిచాయి.

ఆ తొమ్మిది వారాల్లో నాకు సాయం చేసినవాళ్లలో కొందరి పేర్లు నాకు తెలియవు. తెలిసినవాళ్లేమో పేరు రాయొద్దన్నారు. అందుకని పేర్లు లేకుండానే రాస్తున్నాను. చదివితే ఎవరి గురించో వాళ్లకి తెలిసిపోతుంది.

నేను హోమ్ కలెక్షన్ చేస్తాను. ఇళ్లకి వెళ్లి శాంపిల్స్ తీసుకోవడం నా పని. షుగర్ పరీక్షకి పరగడుపున ఉండాలి కాబట్టి పెద్దవాళ్లు రాత్రి తిన్నది తప్ప ఇంకేమీ ముట్టకుండా, కాఫీ కూడా తాగకుండా గుమ్మంలో నా కోసం చూస్తుంటారు. నేను అరగంట ఆలస్యమైతే వాళ్లకి కళ్లు తిరుగుతాయి. బండి లేకపోతే ఈ పని లేదు. ఆటోలో ఆరిళ్లు తిరిగితే వచ్చేది కిరాయికే సరిపోదు.

ఆ రోజు చివరి ఇల్లు చూసుకుని వస్తున్నాను. వీధి చివర ఎవరో ఇల్లు కడుతున్నారు. ఇసుక కుప్ప పోసి ఉంది. లారీలు, ఆటోలు తొక్కీ తొక్కీ ఆ ఇసుక సగం రోడ్డు దాకా పరుచుకుంది. ఎడమ పక్కకి తిరుగుతుండగా ఎదురుగా సైకిల్ మీద ఒక పిల్లాడు వచ్చాడు. చెయ్యి దానంతటదే ముందు బ్రేకు మీద బిగుసుకుంది. ముందు చక్రాన్ని కింద నుంచి ఎవరో లాగేసినట్టయింది. అంతే, నేల మీద ఉన్నాను. స్పీడు పాతిక కూడా ఉండదు. పిల్లాడికి ఏమీ కాలేదు. ఆ మాట ముందు చెప్పాలి, ఎందుకంటే లేవకముందు నేను చూసింది వాడి వైపే.

మొదటి కృతజ్ఞత ఆ మలుపులో ఇడ్లీ బండి పెట్టుకునే అక్కకి. ఆవిడ దోసె పెనం మీదే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "తమ్ముడూ, లేవకు, ముందు కాళ్లు కదుపు, మెడ తిప్పకు" అంది. హెల్మెట్ లాగబోయిన ఒకాయన్ని ఆపి, నేను మాట్లాడుతున్నానని, నా అంతట నేను తీయగలనని తేలాకే తీయనిచ్చింది. ఆ పని ఆవిడకి ఎవరు నేర్పారో అడగలేదు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారు బండిని లేపి, పెట్రోలు కారుతుంటే ట్యాప్ కట్టేసి, తాళం నా జేబులో పెట్టారు.

తర్వాత ఆటో అన్న. అన్నా, మీరు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మీకు స్కూలు పిల్లల ట్రిప్పు ఉంది. అయినా నన్ను ఎక్కించుకుని, దారిలో ఒక చేత్తో ఫోన్ పట్టుకోకూడదని బండి పక్కకి ఆపి, పిల్లల ఇళ్లకి ఫోన్ చేసి పది నిమిషాలు లేటవుతుందని చెప్పారు. ఆసుపత్రి మెట్ల దాకా నన్ను పట్టుకుని నడిపించారు. డబ్బులు తీసేలోపు వెళ్లిపోయారు. అక్కడ ఒకాయన "పోలీసు కేసవుతుందేమో, నీకెందుకు" అని మీతో అనడం నేను విన్నాను. మీరు పట్టించుకోలేదు. మిగతావాళ్ల కోసం ఒక మాట: ప్రమాదంలో ఉన్నవాళ్లకి మంచి మనసుతో సాయం చేసినవాళ్లకి మోటారు వాహనాల చట్టంలోనే రక్షణ ఉంది. 2019 సవరణలో 134ఏ సెక్షన్‌గా చేర్చారు. ఆ భయంతో ఎవరూ ఆగిపోవద్దు.

ఆసుపత్రిలో మోకాలికి, మోచేతికి కట్లు కట్టి, టీటీ ఇంజెక్షన్ చేశారు. ఎడమ అరచెయ్యి నేలకి ఆనించి పడ్డాను కాబట్టి మణికట్టుకి ఎక్స్‌రే తీశారు. అందులో ఏమీ కనపడలేదు. వెళ్లిపోదామని లేచాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ గారు ఆపి, బొటనవేలి మొదట్లో ఉండే చిన్న గుంటలో నొక్కారు. ప్రాణం పోయింది. అక్కడ స్కేఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుందట. అది చిట్లితే కొన్నిసార్లు మొదటి ఎక్స్‌రేలో తెలియదని, పట్టించుకోకపోతే సరిగ్గా అతకదని చెప్పి కట్టు వేసి, రెండు వారాల తర్వాత మళ్లీ ఎక్స్‌రేకి రమ్మన్నారు. రెండోసారి కూడా ఎముక బాగానే ఉందని తేలింది. కానీ ఆవిడ అంత శ్రద్ధగా చూడకపోతే నేను మర్నాడే ఆ చేత్తో క్లచ్ పట్టేవాణ్ణి. అమ్మా, మీకు నమస్కారం.

ఇక నన్ను ఏడిపించిన విషయం. నేను పడ్డప్పుడు బాక్సు కూడా పడింది. ట్యూబులు పగల్లేదు కానీ గట్టిగా కుదిలాయి. అలా కుదిలితే రక్తకణాలు చిట్లుతాయి, అప్పుడు పొటాషియం లేనంత ఎక్కువగా చూపిస్తుంది. ఆ లెక్క చూసి డాక్టరు మందు మార్చినా ప్రమాదమే. అందుకని రెండు శాంపిల్స్ మళ్లీ తీయాలని ల్యాబ్‌వాళ్లు అన్నారు. అందులో ఒకటి ఆ చివరి ఇంటి మామ్మగారిది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్లు, కిడ్నీ పరీక్షల కోసం నెలనెలా ఇస్తారు, నరం దొరకడం చాలా కష్టం. కట్టు కట్టిన చేత్తో ఫోన్ చేసి, మామ్మగారూ క్షమించండి, రేపు మళ్లీ పరగడుపున ఉండాలి అన్నాను. ఆవిడ నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"రక్తానికేముంది నాయనా, మళ్లీ ఇస్తాను. నీకెక్కడ తగిలింది?"

ఆ తర్వాత వారానికోసారి ఆవిడే ఫోన్ చేశారు. ఎప్పుడొస్తావని ఒక్కసారి కూడా అడగలేదు. అన్నం తిన్నావా, చెయ్యి వంగుతోందా, ఇంతే అడిగేవారు.

నా రూటు మొత్తం ల్యాబ్‌లో నా తోటివాడు మోశాడు. వాడి ఏడిళ్లు, నా ఆరిళ్లు. నాలుగింటికి లేచేవాడు. మూడు వారాలకి చెయ్యి బాగైంది, నేను వెళ్లి, రేపట్నుంచి నేను వస్తానన్నాను.

వెళ్లలేకపోయాను.

ఇది నేను ఎవరికీ సరిగా చెప్పుకోలేకపోయిన సంగతి. దెబ్బలు మానిపోయాయి. బండి స్టార్ట్ చేస్తే చెవుల్లో ఆ గీసుకుపోయిన చప్పుడు వినపడేది. బందరు రోడ్డెక్కి బెంజి సర్కిల్ దాకా వెళ్లేసరికి భుజాలు రాళ్లయిపోయాయి. ప్రతి మలుపులో చక్రం ముందు నేలనే చూస్తున్నాను. నీటి మరక కూడా ఇసుకలా కనపడేది. నా వెనక బస్సు హారన్ కొడుతుంటే చేతులు వణికి పక్కకి ఆపేశాను. అక్కణ్ణుంచి ఇంటిదాకా బండి తోసుకుంటూ వచ్చాను. అందరూ ప్రేమతోనే "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అన్నారు. కానీ నా టెన్షన్ ధైర్యం లేకపోవడం వల్ల వచ్చింది కాదు. ఏడేళ్లు తిరిగిన నేను పాతిక స్పీడులో, తెలిసిన వీధిలో ఎందుకు పడ్డానో నాకు అర్థం కాలేదు. కారణం తెలియనప్పుడు ప్రతి వీధీ ఆ వీధే.

అర్థమయ్యేలా చేసింది ఆటోనగర్‌లో మా మెకానిక్ బాబాయి. ఈ పోస్టు అసలు ఆయన కోసమే రాస్తున్నాను.

క్లచ్ లివరు, ఇండికేటరు మార్చి, వంగిన గేరు రాడ్డు సరిచేసి, హ్యాండిల్ నిలబెట్టి, ఫోర్కులు చూసి బండి ఎప్పుడో రెడీ చేశారు. నేను తీసుకెళ్లి వాడట్లేదని తెలిసి కబురు పెట్టారు. వెళ్తే స్టూలు వేసి బండి పక్కన కూర్చోబెట్టారు. "గీతలు చూడు అబ్బాయ్. లెగ్ గార్డు, ఫుట్‌రెస్టు, హ్యాండిల్ చివర. మూడూ ఎడం పక్కే. ముందు మడ్‌గార్డు మీద గీత లేదు. అంటే నువ్వు దేన్నీ గుద్దలేదు, బండి కింద నుంచి జారింది." నా బండి ఒంటి మీద నా ప్రమాదం మొత్తం ఆయన చదివేశారు. టైరు మార్చమంటారేమో అనుకున్నా. టైరు గాడులు వేలితో తడిమి, "టైరు బాగుంది, దాని తప్పేం లేదు" అన్నారు. వ్యాపారం చేసుకోగలిగిన చోట చేసుకోలేదు.

తర్వాత అరచెయ్యి చాపి చూపించారు. "టైరుకి నేల మీద ఉండే పట్టు ఇంతే అనుకో. మలుపు తిరిగేటప్పుడు కొంత తిరగడానికే పోద్ది. ఇసుక మీద అసలు ఉండేదే తక్కువ. అప్పుడు ముందు బ్రేకు బిగిస్తే, ఇయ్యడానికి దాని దగ్గర ఏముంటది?" మంచి రోడ్డు మీద తిన్నగా వెళ్తున్నప్పుడు ముందు బ్రేకే ఎక్కువ ఆపుతుందని, బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకొస్తుందని, అందుకే దాన్ని వాడటం మానెయ్యకూడదని కూడా చెప్పారు. మలుపుకి ముందే, బండి నిటారుగా ఉండగానే, స్పీడు తగ్గించుకోవాలి. ఇసుక మీదకి వచ్చేశాక యాక్సిలేటర్ వదిలేసి, బండిని వంచకుండా, బ్రేకు ముట్టుకోకుండా దాటాలి.

ఇంకోటి నాకు అసలు తెలియనిది. 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే 125 సీసీ దాకా బండ్లకి ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) గానీ, రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు గానీ తప్పనిసరి చేశారు. నా బండి ఆ రెండో రకం. వెనక పెడల్ తొక్కినా ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. నా పాత బండికి అలా లేదు. కొన్నప్పట్నుంచీ ఆ తేడా తెలియకుండానే నడుపుతున్నాను.

ఆ మధ్యాహ్నం ఆయన నా హెల్మెట్ కూడా చూశారు. ఎడమ పక్క గీసుకుపోయింది. లోపలి థర్మాకోల్ దెబ్బని తనలోకి తీసుకుని నలుగుతుంది, ఒకసారి నలిగితే మళ్లీ కాపాడదు, బయటికి బాగున్నట్టే కనపడుతుంది. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 నంబరు చూసి కొత్తది కొనుక్కోమన్నారు. పాతదాని బెల్టు కత్తిరించి చెత్తలో పడేశారు, ఎవరైనా ఏరుకుని పెట్టుకుంటారని.

"ఆదివారం పొద్దున్నే రా" అన్నారు. షెడ్లు తెరవకముందు ఆ రోడ్డు ఖాళీగా ఉంటుంది. మొదటి ఆదివారం నడక స్పీడులో తిన్నగా వెళ్లి ఆపడం, అంతే. గంటసేపు. రెండో ఆదివారం రెండు ఇటుకలు పెట్టి వాటి చుట్టూ తిరగమన్నారు. "చక్రం ముందు కాదు, నువ్వు ఎటు పోవాలో అటు చూడు. చూసిన చోటికే బండి పోద్ది." నేలని చూస్తే నిజంగానే ఇటుక మీదకే వెళ్లాను. తల ఎత్తి అవతలి కరెంటు స్తంభాన్ని చూస్తే బండి తిరిగింది.

మూడో ఆదివారం రెండు బకెట్ల ఇసుక తెచ్చి రోడ్డు మీద పరిచారు. నా గుండె దడదడలాడింది. ఆయన ముందు తన బండి మీద దాటి చూపించారు. నేను రెండుసార్లు దగ్గరిదాకా వెళ్లి ఆగిపోయాను. ఏమీ అనలేదు, టీ తెప్పించారు. మూడోసారి చేతులు వదులుగా పెట్టుకుని, యాక్సిలేటర్ వదిలేసి వెళ్లాను. వెనక చక్రం కొద్దిగా కదిలింది, దానంతటదే సర్దుకుంది. బండి దాటేసింది. ఆ కదలడం, సర్దుకోవడం నా ఒంటికి తెలిసిన క్షణం నుంచీ నాలో ఏదో విడిపోయింది. పదిహేనుసార్లు దాటాను. అయ్యాక ఆయన చీపురు తీసుకుని ఆ ఇసుక గింజ లేకుండా ఊడ్చి బకెట్లోకి ఎత్తారు. నేను ఊడుస్తానంటే ఇవ్వలేదు. "ఇంకెవరో పడతారు" అన్నారు.

ఆదివారాలకి పైసా తీసుకోలేదు. సామాన్లకి, పనికి బిల్లు ఇచ్చారు, అంతే తీసుకున్నారు.

ఆ సాయంత్రం మా ఆవిడ, "నేను వెనక కూర్చుంటా, ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం దాకా వెళ్లొద్దాం" అంది. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు, నా నడుము గట్టిగా పట్టుకోలేదు. తను పట్టుకుని ఉంటే నాకు భయం తిరిగొచ్చేదేమో. అది తనకి ఎలా తెలిసిందో. ఆ తర్వాత వారాల్లో రూటు కొద్దికొద్దిగా తిరిగి తీసుకున్నాను: ముందు కృష్ణలంక, తర్వాత పటమట. మొగల్రాజపురం ఆఖర్న. అప్పటిదాకా మిగతా ఇళ్లకి నా తోటివాడే వెళ్లాడు, ఒక్కసారి విసుక్కోలేదు.

నిన్న ఆ మలుపు ముందే స్పీడు తగ్గించాను. ఇసుక కుప్ప ఇంకా ఉంది. కానీ చుట్టూ ఇటుకలు పేర్చి ఉన్నాయి, రోడ్డు శుభ్రంగా ఉంది. ఇడ్లీ అక్క ఇల్లు కట్టేవాళ్లని వదల్లేదట. రోజూ సాయంత్రం వాళ్లచేత ఊడిపిస్తోందని వాచ్‌మన్ గారు చెప్పారు.

మామ్మగారు చెయ్యి చాపి కూర్చున్నారు. నరం రెండోసారికి దొరికింది. దూది అదిమి పట్టుకుని, "కాఫీ తాగుతా, నువ్వూ ఉండు" అన్నారు. బాక్సు వెంటనే ల్యాబ్‌కి వెళ్లాలి, వచ్చే నెల ఉంటానని చెప్పాను. కిందకి వచ్చేసరికి అక్క నాలుగు ఇడ్లీలు పొట్లం కట్టి నా బండి హ్యాండిల్‌కి తగిలించి ఉంచింది.

ఆటో అన్నా, మీరు ఆ వీధి వైపు మళ్లీ వస్తే ఆ అక్కకి ఒక మాట చెప్పండి. ఆవిడ దగ్గర నా నంబరు ఉంది.